కారికేచర్‌లో సగటు ముఖం ఎవరిది?

"బుష్‌ని చింపాంజీలా గీస్తే చమత్కారం, ఒబామాని గీస్తే జాతి వివక్షా?" రాజకీయ కార్టూన్ల మీద ఎక్కడ మాట మొదలైనా ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది. అడిగేవాళ్లలో చాలామంది నిజాయితీగానే అడుగుతారు. కాబట్టి కసురుకోకుండా జవాబు చెప్పాలి. ఆ జవాబు కోసం నీతిశాస్త్రం దాకా పోనక్కర్లేదు, కారికేచర్‌లో, అంటే మనిషి ముఖాన్ని పెంచి గీసే పద్ధతిలోనే దొరుకుతుంది.

లండన్ గార్డియన్‌లో స్టీవ్ బెల్ జార్జ్ డబ్ల్యూ బుష్‌ని ఏళ్ల తరబడి చింపాంజీగా గీశాడు. ఆ పోలిక బుష్ ముఖంలోంచే వచ్చింది. దగ్గరదగ్గరగా ఉండే చిన్న కళ్లు, పొడుగాటి పై పెదవి, చేతులు ఎడంగా పెట్టుకుని నడిచే తీరు. టెక్సస్‌లో ఉన్న ఇంకో తెల్ల రైతు ఆ బొమ్మ చూసి "ఇది నన్నూ అన్నట్టే" అనుకోడు. నల్లవాళ్ల సంగతి వేరు. 1906 సెప్టెంబర్‌లో న్యూయార్క్ బ్రాంక్స్ జూలో ఓటా బెంగా అనే కాంగో యువకుణ్ణి కోతుల ఇంట్లో ఒరాంగుటాన్‌తో పాటు ప్రదర్శనకు పెట్టారు. జనం తండోపతండాలుగా వెళ్లి చూశారు. కోతి పోలిక అక్కడ ఒక మనిషిని వెక్కిరించడానికి పుట్టింది కాదు. మొత్తం జాతిని మనుషుల లెక్కలోంచి తీసేయడానికి వాడింది. అందుకే బుష్ మీద పడినప్పుడు బుష్ దగ్గరే ఆగిపోయే ఆ పోలిక, ఒబామా మీద పడితే ఆయన దగ్గర ఆగదు.

2009 ఫిబ్రవరిలో జరిగింది చూడండి. 16న కనెక్టికట్ రాష్ట్రం స్టాంఫర్డ్‌లో ట్రావిస్ అనే పెంపుడు చింపాంజీ ఒక మహిళ మీద దాడి చేస్తే పోలీసులు కాల్చి చంపారు. 17న ఒబామా ఆర్థిక ఉద్దీపన బిల్లు మీద సంతకం పెట్టారు. 18న న్యూయార్క్ పోస్ట్‌లో షాన్ డెలోనాస్ ఈ రెండు వార్తల్నీ ముడేశాడు. నెత్తుటి మడుగులో చింపాంజీ, ఎదురుగా ఇద్దరు పోలీసులు, తర్వాతి ఉద్దీపన బిల్లు రాయడానికి ఇంకెవర్నో చూసుకోవాలన్న మాట. బిల్లు రాసింది కాంగ్రెస్ సభ్యులు కదా, ఒబామా ఎక్కడొచ్చాడని సమర్థించినవాళ్లు ఉన్నారు. కానీ పత్రికలో ఆ కార్టూన్‌కి ముందు పేజీలో ఉన్నది ఒబామా ఆ బిల్లు మీద సంతకం చేస్తున్న ఫొటో. పేజీ తిప్పగానే చచ్చిపడిన చింపాంజీ. పాఠకుడి కన్ను ఆ రెంటినీ కలుపుతుందా లేదా అన్నది కార్టూనిస్టు చేతుల్లో ఉండదు.

రెండు వేడి వార్తల్ని ఒకే బొమ్మలో ముడేయడం రోజువారీ కార్టూనిస్టు ప్రధాన ఆయుధం. సాయంత్రం ఎడిషన్ టైమ్ తరుముతున్నప్పుడు మొదట తట్టేది అదే. ప్రమాదం కూడా అక్కడే. రెండూ కలిస్తే పుట్టే మూడో అర్థాన్ని గీసే చెయ్యి చూడదు, ఎందుకంటే అప్పటికే అది మొదటి రెండింటి పొంతనకు మురిసిపోయి ఉంటుంది. ఆ మూడో అర్థాన్ని చూడాల్సింది డెస్క్. పక్క పేజీలు, ముందు పేజీ, పైన ఉన్న హెడ్డింగ్, అన్నీ కలిపి చూడాలి. కార్టూన్‌ని విడిగా తెర మీద చూసి ఓకే చేసే పద్ధతి మానుకోవాలి.

ఇక అసలు విషయం. కారికేచర్ అంటే ఒక ముఖాన్ని సగటు ముఖంతో పోల్చి, తేడా ఉన్న చోట ఆ తేడాను పెంచడం. 1982లో ఎంఐటీలో సూసన్ బ్రెన్నన్ కంప్యూటర్ చేత కారికేచర్లు గీయించింది ఈ సూత్రంతోనే. సగటు ముఖంలో కొన్ని బిందువులు, ఈ మనిషి ముఖంలో వాటికి సరిపోయే బిందువులు, రెంటి మధ్య దూరం ఎంతుంటే దాన్ని అంతకంత పెంచడం. చేత్తో గీసేవాళ్లం కూడా చేసేది అదే. కాకపోతే మన సగటు ముఖం ఏ ఫైల్లోనూ ఉండదు. చిన్నప్పటి నుంచి చూసిన బొమ్మలు, నకలు తీసి నేర్చుకున్న బొమ్మలు కలిసి చేతిలో స్థిరపడిపోయి ఉంటుంది.

ఆ సగటు ముఖం యూరప్‌వాళ్లది అయిందనుకోండి. దాంతో కొలిస్తే ఏ ఆఫ్రికన్ నాయకుడిలోనైనా మొదట కనిపించే తేడాలు పెదవులు, ముక్కు, రంగు. వాటినే పెంచుతాం. మర్నాడు ఇంకో ఆఫ్రికన్ నాయకుణ్ణి గీసినా మళ్లీ అవే. పదిమందిని గీస్తే పదిమందీ ఒకే మనిషి. అది కారికేచర్‌గా కూడా విఫలమే, ఎందుకంటే పోలిక రాలేదు. వచ్చింది జాతి ముద్ర. కొలత ఆ నాయకుడి సొంత మనుషుల సగటు నుంచి మొదలుపెడితే బొమ్మ మారిపోతుంది. ఒబామాలో సన్నటి పొడుగాటి ముఖం, పక్కలకి విచ్చుకున్న చెవులు, బారు మెడ పైకి వస్తాయి. మండేలాలో ఎత్తైన చెంప ఎముకలు, నవ్వితే గీతలైపోయే కళ్లు వస్తాయి. ఆ కళ్లకో చరిత్ర ఉంది. రాబెన్ ద్వీపంలో సున్నపురాయి క్వారీలో పనిచేసిన కాలంలో ఆ దుమ్ముకి ఆయన కన్నీటి గ్రంథులు దెబ్బతిన్నాయి. అలాంటి గుర్తు ఇంకే నల్లజాతి నాయకుడి మీదా అతకదు. మన తెలుగు కార్టూనిస్టు పామర్తి శంకర్ గీసిన మండేలా కారికేచర్‌కి 2014లో వరల్డ్ ప్రెస్ కార్టూన్ పోటీలో అత్యున్నత బహుమతి గ్రాండ్ ప్రి వచ్చింది. హైదరాబాద్‌లో కూర్చుని గీసే చెయ్యి దక్షిణాఫ్రికా ముఖాన్ని ఆ ముఖం లెక్కలోనే పట్టుకోగలదనడానికి అంతకంటే రుజువు అక్కర్లేదు.

చేతిలో ఏ సగటు ముఖం ఉందో గీసినవాడికే తెలియకపోవచ్చు. ఒక్కోసారి పక్కనున్న పాత్ర బయటపెట్టేస్తుంది. 2018 సెప్టెంబర్‌లో యూఎస్ ఓపెన్ ఫైనల్ తర్వాత మెల్‌బోర్న్ హెరాల్డ్ సన్‌లో మార్క్ నైట్ సెరీనా విలియమ్స్‌ని గీశాడు. ఆమె నాయకురాలు కాకపోయినా ఈ విషయంలో ఈ బొమ్మను వదలడానికి వీల్లేదు. రాకెట్ విరగ్గొట్టి అంపైర్‌తో గొడవపడటం సెరీనా చేసిన పనే, దాన్ని పెంచి చూపించే హక్కు ఉంది. ఉబ్బిన పెదవులు, బండ దేహం మాత్రం నల్లవాళ్లను వెక్కిరించిన పాత అమెరికన్ బొమ్మల గంపలోంచి వచ్చాయి. వెనక అంపైర్‌తో మాట్లాడుతున్న ప్రత్యర్థిని చూడండి. ఆమె నవోమి ఒసాకా. తల్లి జపనీయురాలు, తండ్రి హైతీవాడు, చామనఛాయ మనిషి. బొమ్మలో మాత్రం సన్నటి, తెల్లటి, బంగారు జుట్టు అమ్మాయి. శ్రద్ధ పెట్టని చోట చెయ్యి తనకు అలవాటైన సగటు ముఖానికి వెళ్లిపోయింది. 2019 ఫిబ్రవరిలో ఆస్ట్రేలియా ప్రెస్ కౌన్సిల్ ఆ బొమ్మ తమ ప్రమాణాలను ఉల్లంఘించలేదని తేల్చింది. నిబంధనల లెక్కలో అది సరే కావచ్చు. గీత లెక్కలో ఒసాకా బొమ్మే సాక్ష్యం.

పనిలోకి వస్తే, కొత్త నాయకుణ్ణి గీసే ముందు పది పన్నెండు ఫొటోలు వేరువేరు కోణాల్లోంచి తీసుకోవాలి. నవ్వుతున్నవి, కోపంగా ఉన్నవి, మాట్లాడుతూ నోరు తెరిచినవి. వాటి పక్కన అదే జాతి, అదే ప్రాంతం, దాదాపు అదే వయసు ఉన్న మరో అయిదారుగురి ఫొటోలు పెట్టాలి. ఈ రెండో వరస చాలామంది పెట్టుకోరు, తప్పు అక్కడే మొదలవుతుంది. రెండో వరసలో అందరిలోనూ ఉన్న లక్షణాన్ని బొమ్మలో ఉన్నదున్నట్టు వేయాలి, పెంచకూడదు. ఈ మనిషిలో మాత్రమే ఉన్నవి మూడు ఏరుకుని వాటిని ఎంత కావాలంటే అంత సాగదీయవచ్చు. చెవులు చాటలంత చేసినా, గడ్డం గునపంలా చేసినా ఫర్వాలేదు. గీత పూర్తయ్యాక కోటు మీద పేరు తీసేసి, రెండో వరసలోని ఇంకో మనిషి పేరు రాసి చూడాలి. బొమ్మ అతనికీ సరిపోతే మొదటి నుంచి గీయాలి. చివరగా బొమ్మను సింగిల్ కాలమ్ వెడల్పుకి, అంటే సుమారు నాలుగైదు సెంటీమీటర్లకు కుదించి చూడాలి. ఫోన్లో కనిపించేది దాదాపు అంతే. సన్నటి గీతలన్నీ పోయి మిగిలేవి రంగు, పెదవులు, పళ్లు మాత్రమే అయితే పాఠకుడికి చేరేది కూడా ఆ మూడే.

ముఖం ఒక్కటే సరిపోదు, గుర్తులు కూడా ఉంటాయి. దీనికి నాకు తెలిసిన అన్నిటికంటే మంచి ఉదాహరణ దక్షిణాఫ్రికాలో ఉంది. ఒకే కార్టూనిస్టు, అటు రాజకీయమూ అదే. ఒక గుర్తు నిలబడింది, ఇంకోటి కూలింది.

జొనాథన్ షపీరో 'జపీరో' పేరుతో గీస్తాడు. 2006లో దేశ మాజీ ఉపాధ్యక్షుడు జాకబ్ జుమా మీద అత్యాచారం కేసు నడిచింది. కోర్టు ఆయన్ని నిర్దోషి అంది. కానీ వాంగ్మూలంలో ఆయన ఒక మాట చెప్పాడు: హెచ్‌ఐవీ ఉన్న మహిళతో లైంగికంగా కలిసిన తర్వాత సోకే ప్రమాదం తగ్గుతుందని స్నానం చేశానని. ఒకప్పుడు దేశ ఎయిడ్స్ మండలికి నాయకత్వం వహించిన మనిషి చెప్పిన మాట ఇది, అదీ ఆ జబ్బుతో లక్షలమంది బాధపడుతున్న దేశంలో. అప్పటి నుంచి జపీరో బొమ్మల్లో జుమా తల మీద ఒక షవర్ మొలిచింది. ఆయన దేశాధ్యక్షుడయ్యాక కూడా పోలేదు. ఇంత క్రూరమైన గుర్తు మరో నాయకుడికి పడి ఉండదేమో. కానీ దాన్ని జాతి ముద్ర అనడానికి లేదు. ఆ షవర్ జుమా నోట వచ్చిన మాట, జుమా చేసిన పని. ఇంకే నల్లవాడి తల మీదా అది నిలవదు. జుమాతో తెగతెంపులయ్యాక, జుమా పార్టీ యువజన నాయకుడు జూలియస్ మలేమా, ఆయన వెంట ఉన్న యువకులు 'షవర్ మనిషి' అని పాట కట్టి పాడుకున్నారు. గుర్తు ఆ మనుషుల్లోకే వెళ్లి వాళ్ల సొంతమైపోయింది. గుర్తు సరైనదని చెప్పడానికి ఇంతకంటే గట్టి పరీక్ష నాకు తెలియదు.

2008 సెప్టెంబర్‌లో సండే టైమ్స్‌లో వచ్చిన బొమ్మ దగ్గరికి వస్తే అంత తేలిగ్గా చెప్పలేం. న్యాయదేవతను జుమా అనుచరులు నేలకు అదిమి పట్టుకుంటే ఎదురుగా జుమా బెల్టు విప్పుతుంటాడు. న్యాయవ్యవస్థ మీద ఒత్తిడి తెస్తున్నారన్న విమర్శ స్పష్టం, నిజం కూడా. కానీ నల్లవాణ్ణి అత్యాచారిగా చూపించడం దక్షిణాఫ్రికాలోనూ, అమెరికాలోనూ తెల్లవాళ్లు వందేళ్లు వాడిన బొమ్మ. జుమా పరువునష్టం దావా వేసి, 2012 అక్టోబర్‌లో విచారణకు ముందు వెనక్కి తీసుకున్నాడు. ఆ బొమ్మ వేయాల్సిందేనని నా అభిప్రాయం, ఎందుకంటే అందులో ప్రతి ముఖం ఒక్కో మనిషిది, ప్రతి చెయ్యీ ఒక్కో పని చేస్తోంది. కానీ అది అంచున నిలబడ్డ బొమ్మ అని ఒప్పుకుని వేయాలి.

2016 మేలో జపీరో ఆ అంచు దాటాడు. జుమా మీద పాత అవినీతి అభియోగాలను తిరిగి తెరవాలన్న కోర్టు తీర్పు మీద అప్పీలుకు వెళ్తామని ప్రాసిక్యూషన్ అధిపతి షాన్ ఏబ్రహమ్స్ ప్రకటించాడు. కోతినాడించేవాడిలా జుమా చేత్తో తిప్పే వాయిద్యం వాయిస్తుంటే ఏబ్రహమ్స్ కోతిలా ఆడుతున్నట్టు జపీరో గీశాడు. కోతినాడించేవాడు, కోతి అన్నది తోలుబొమ్మ అధికారిని చూపించడానికి యూరప్‌లో అరిగిపోయిన పోలిక. అతను ఆలోచించింది అంతవరకే. కానీ అదే ఏడాది జనవరిలో డర్బన్ వైపు ఒక తెల్ల మహిళ బీచ్‌కి వచ్చిన నల్లవాళ్లను కోతులన్నందుకు దేశం అట్టుడికింది. జూన్‌లో సమానత్వ కోర్టు ఆమెను లక్షన్నర ర్యాండ్లు కట్టమంది. ఆ రెంటి నడుమ వచ్చిన బొమ్మ ఇది. మొదట సమర్థించుకున్నా, అలా గీయడం పొరపాటని జపీరో తర్వాత ఒప్పుకున్నాడు. చెప్పాలనుకున్న విమర్శకి కోతే కావాలా? తీగలు కట్టిన బొమ్మ చాలు, రిమోట్ చాలు. అదే మాట చెప్పే గుర్తు ఇంకోటి ఉన్నప్పుడు పాత గాయం ఉన్న గుర్తును పట్టుకోవడానికి కారణం బద్ధకం తప్ప ఇంకోటి కాదు.

ఒక్కోసారి ఏ ఒక్క గుర్తూ తప్పు కాదు, అన్నీ కలిస్తే తప్పవుతుంది. 2023 ఏప్రిల్‌లో బీబీసీ ఛైర్మన్ రిచర్డ్ షార్ప్ రాజీనామా చేసినప్పుడు గార్డియన్‌లో మార్టిన్ రోసన్ వేసిన బొమ్మ అలాంటిది. షార్ప్ ఒకప్పుడు గోల్డ్‌మన్ శాక్స్ బ్యాంకులో పనిచేశాడు కాబట్టి ఆ కంపెనీ పెట్టె. ఆ బ్యాంకును వెక్కిరించడానికి అందరూ వాడేది స్క్విడ్ (పొడవాటి టెంటకిల్స్, అంటే చేతుల్లాంటి అవయవాలున్న సముద్రజీవి) పోలిక కాబట్టి అందులో స్క్విడ్. అక్కడ అతని కింద పనిచేసిన రిషి సునాక్ ప్రధాని అయ్యాడు కాబట్టి సునాక్ బొమ్మ. ప్రతిదానికీ విడిగా సమాధానం ఉంది. కానీ షార్ప్ యూదుడు. పెద్ద ముక్కు, వికృతమైన నవ్వు, బ్యాంకు, టెంటకిల్స్, కీలుబొమ్మ ప్రధాని, అన్నీ ఒక చట్రంలోకి వచ్చేసరికి నాజీల కాలపు యూదు ద్వేష పోస్టరు తయారైంది. షార్ప్ యూదుడని రోసన్‌కి తెలుసు, ఇద్దరూ ఒకే బడిలో చదివారు. గీస్తున్నప్పుడు ఆ సంగతి తన తలలోకే రాలేదని అతను రాశాడు. ఆ మాటను నేను నమ్ముతాను. ఉద్దేశం లేకపోవడం మనిషిని కాపాడుతుంది గానీ బొమ్మను కాపాడదు. కాబట్టి బొమ్మలోని వస్తువులన్నీ ఒక కాగితం మీద పేర్లుగా రాసుకుని, "వీటన్నిటినీ పక్కపక్కన ఇంతకు ముందు ఎవరు, ఎవరి మీద వాడారు?" అని అడగాలి. అయిదు నిమిషాల పని.

మన దగ్గర కనిపించే తప్పుల్లో చాలావరకు ఇంకులో జరుగుతాయి. రంగును అచ్చులో చిన్న చుక్కలుగా వేస్తారు, న్యూస్‌ప్రింట్ ఇంకును పీల్చుకుని ఆ చుక్క వెడల్పవుతుంది. తెర మీద 50 శాతం ఉన్న టింట్ (చుక్కలు కప్పే భాగం) కాగితం మీద 75 దగ్గరికి పోతుంది. నల్లటి నాయకుడి ముఖానికి తెర మీద అందంగా ఉన్న ముదురు గోధుమ రంగు పొద్దున్న పేపర్లో బొగ్గుముద్ద. అందులో తెల్లగా మెరిసేవి కళ్లు, పళ్లు. అమెరికాలో తెల్లవాళ్లు ముఖానికి మసి పూసుకుని నల్లవాళ్లను వెక్కిరించిన నాటకాల్లో ఉన్నది సరిగ్గా ఈ ముఖమే. దీన్ని తప్పించడం కష్టమేమీ కాదు. చర్మంలో నలుపు ఇంకు 30 శాతం దాటనివ్వకుండా ముదురుదనాన్ని మెజెంటా, పసుపులతో తెచ్చుకోవాలి. నాలుగు రంగుల ఇంకు శాతాలు కలిపి మొత్తం 240 లోపే ఉంచాలి. నుదుటి మీద, చెంప ఎముక మీద, ముక్కుదూలం మీద వెలుగు వదలాలి. కనుగుడ్డును కాగితం తెలుపుగా వదలకుండా పది శాతం టింట్ వేయాలి. పెదవి రంగు చర్మానికి ఒక మెట్టు మాత్రమే తేడాగా ఉండాలి. నలుపు తెలుపు గీతల బొమ్మైతే నీడ గీతల మధ్య ఖాళీ కనీసం గీత మందమంత ఉండాలి, లేకపోతే కుదించినప్పుడు అన్నీ కలిసిపోతాయి. ఇంకొకటి: పక్కనున్న తెల్ల నాయకుడి ముఖాన్ని ఖాళీ కాగితంగా వదిలేయకూడదు, అతనికీ ఒక రంగు ఉంటుంది. మన వాట్సాప్ బొమ్మల్లో అభిమాన నాయకుడు పచ్చగా, ప్రత్యర్థి నల్లగా మారిపోవడం రోజూ చూస్తున్నదే. ఆ నలుపు ఏ అవినీతినీ చెప్పదు, రంగు మీద మనకున్న చిన్నచూపును తప్ప.

జాతి స్థానంలో మన దగ్గర కులం ఉంటుంది, కొలత మాత్రం అదే. ఢిల్లీ కార్టూనిస్టు కె. శంకర్ పిళ్లై 1949లో గీసిన కార్టూన్‌లో రాజ్యాంగం ఒక నత్త, దాని మీద కొరడాతో అంబేడ్కర్, వెనక కొరడాతో నెహ్రూ. ఎన్‌సీఈఆర్‌టీ పదకొండో తరగతి పుస్తకంలో అప్పట్లో ఉన్న ఆ బొమ్మ మీద 2012 మేలో పార్లమెంటు స్తంభించింది. రాజ్యాంగ రచనలో ఆలస్యాన్ని వెక్కిరించడమే శంకర్ పిళ్లై ఉద్దేశం, సందేహం లేదు. కానీ తరగతి గదిలో కూర్చున్న దళిత విద్యార్థికి కనిపించేది దళిత నాయకుడి వీపు వెనక కొరడా పట్టుకున్న బ్రాహ్మణుడు. పుణెలో ఆ పుస్తకానికి సలహాదారైన సుహాస్ పల్శీకర్ కార్యాలయం మీద జరిగిన దాడి దుర్మార్గమే, అయినా ఆ దాడిని చూపించి విద్యార్థి ప్రశ్నను కొట్టిపారేయలేం. విజయవాడకు చెందిన ఉన్నమతి శ్యామ్ సుందర్ 1932 నుంచి 1948 దాకా ఇంగ్లిష్ పత్రికల్లో వచ్చిన అంబేడ్కర్ కార్టూన్లను వెతికి తీసి పుస్తకంగా తెచ్చాడు. వరసగా చూస్తే తెలుస్తుంది, దృఢకాయుడైన మనిషి తోటి నాయకుల పక్కన ఎన్నిసార్లు పిల్లవాడంతగా కుంచించుకుపోయాడో. ఒక్క బొమ్మలో అది శైలి అనిపిస్తుంది, వంద బొమ్మల్లో అది శైలి కాదు. పాత బొమ్మను తిరిగి వాడుతున్నప్పుడు కొత్త బొమ్మ లాగే పరీక్షించాలి. ఒకే చట్రంలో ఉన్నవాళ్ల ఎత్తులు స్కేలుతో కొలిచి, తేడాకి అధికారం కారణమా, పుట్టుక కారణమా అని చూడాలి.

నాయకులు ఈ వాదనను డాలుగా వాడుకుంటారన్నదీ నిజమే. "మా నాయకుణ్ణి అంటే మా కులాన్ని అన్నట్టే" అని పత్రికాఫీసు మీదికి జనాన్ని పంపడం తెలుగు రాష్ట్రాల్లో కొత్త కాదు. ఫిర్యాదు వచ్చినప్పుడు వేలు దేని మీద పెట్టారో చూడాలి. ఫలానా ముక్కు, ఫలానా జంతువు, ఫలానా రంగు అని బొమ్మలోని ఒక గుర్తును చూపిస్తే కూర్చుని వినాలి. గుర్తు ఏదీ చూపించకుండా అవమానం జరిగిందంటే ఆ బొమ్మ గుచ్చుకున్నది నాయకుడి పనికే. అప్పుడు ఒక్క అడుగు కూడా వెనక్కి వేయకూడదు.

తప్పు నిజంగా జరిగినప్పుడు క్షమాపణ ఎలా చెప్పకూడదో న్యూయార్క్ పోస్ట్ చూపించింది. నొచ్చుకున్నవాళ్లకు క్షమాపణ అంటూనే, అదే ప్రకటనలో పాత ప్రత్యర్థులకు మాత్రం కాదని తేడా పెట్టింది. నిరసన ఆగలేదు, కొద్ది రోజులకు యజమాని రూపర్ట్ మర్డాక్ స్వయంగా మళ్లీ చెప్పాల్సి వచ్చింది. "ఎవరి మనసైనా నొప్పించి ఉంటే" అన్న మాట వాడొద్దు. బొమ్మలో ఏ గుర్తు తప్పో, పాఠకులు అందులో ఏం చూశారో పేరు పెట్టి రాయాలి. బొమ్మ వచ్చిన పేజీలోనే, బొమ్మ కనిపించినంత స్పష్టంగా రావాలి. వెబ్‌లో బొమ్మ తీసేసినా ఆ లింకు బతికే ఉండాలి, అక్కడ ఈ వివరణ ఉండాలి. లేకపోతే జనం దగ్గర తిరిగేది స్క్రీన్‌షాట్ ఒక్కటే. ఆ వారంలోనే అదే నాయకుడి మీద, అదే నిర్ణయం మీద, సరైన గుర్తుతో మరో కార్టూన్ వేయాలి. గీసినవాడు తప్పు చేశాడని నాయకుడి తప్పు మాఫీ కాదు కదా.